ముహూర్తాల నడుమ గోదావరి తీరం ఫోటోలు: తిథి చూసి బయల్దేరండి

మీ ప్రశ్న ఇది: భీమవరంలో స్టూడియో, సంపాదనంతా పెళ్లిళ్ల మీదే. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా తీరం ఫోటోలు ఒక వరుసగా తీయాలనుంది. రెండుసార్లు వెళ్తే ఒకసారి నీళ్లు సరుగుడు తోట మొదళ్ల దాకా ఉన్నాయి, ఇంకోసారి కనుచూపు మేర బురదే. దానికితోడు పెద్ద లెన్సు లోపల సాలెగూడు లాంటి దారాలు కనబడుతున్నాయి. ఏ నెలలో వెళ్లాలి, ఏం కొనాలి, పెళ్లి పనితో దీన్ని ఎలా కలుపుకోవాలి అని అడిగారు.

కొనడం సంగతి చివర్లో చూద్దామండి. ముందుగా కావలసింది మీ స్టూడియో గోడకే ఉంది, తెలుగు క్యాలెండర్. ముహూర్తాల కోసం మీరు రోజూ తిరగేసేది అదే. సముద్రం కూడా ఆ తిథుల లెక్కలోనే నడుస్తుంది. మీరు ఆదివారం ఖాళీ చూసుకుని వెళ్లారు, అక్కడే లెక్క తప్పింది.

ఒక పోటు నిండిన దగ్గర్నుంచి మళ్లీ పోటు నిండడానికి సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ఇవాళ ఉదయం 6కి నిండిన పోటు రేపు 6.50కి నిండుతుంది. రోజుకి 50 నిమిషాల చొప్పున జరుగుతూ పక్షం రోజులకి మళ్లీ మొదటి వేళకే వస్తుంది. అందువల్ల ఒక రేవులో అమావాస్య నాడు ఏ వేళకి పోటు నిండుతుందో, పౌర్ణమికీ ఇంచుమించు ఆ వేళకే నిండుతుంది. ప్రతి చోటుకీ ఈ ఒక్క సమయం రాసి పెట్టుకుంటే చాలు, మిగతాదంతా వేళ్ల మీద లెక్క.

ఉదాహరణకి, మీరు ఎంచుకున్న చోట అమావాస్యకి ఉదయం 9కి పోటు నిండుతుందనుకోండి. పాటు, అంటే నీరు బాగా తీసేసే వేళ, అంతకు ఆరుంపావు గంటల ముందు ఉంటుంది, తెల్లవారుజామున 2.45 ప్రాంతంలో. మీకు సూర్యోదయానికి తడి ఇసుక అద్దంలా పరుచుకుని ఉండాలంటే పాటు 6 దగ్గర పడాలి. రోజుకి 50 నిమిషాల చొప్పున నాలుగు రోజులు జరిగితే 6 దాటుతుంది. అంటే ఆ రేవులో మీ రోజు చవితి, ఏ పక్షమైనా సరే. అదే సూర్యోదయానికి నిండు పోటు కావాలంటే వెనక్కి లెక్కేయండి, ఏకాదశి ద్వాదశుల్లో వస్తుంది. ఆ 9 గంటలు లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. మీ రేవు సమయం అక్కడి వేటగాళ్లనే అడగండి, లేదా హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు ఇచ్చే పోటు అంచనాల్లో చూసుకోండి. అలల ఎత్తు అంచనాలు కూడా అక్కడే ఉంటాయి, రెండూ కలిపి చూడండి.

నీరు ఎంత ఎక్కుతుంది, ఎంత తీస్తుంది అన్నది ఇంకో సంగతి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి తేడా బాగా ఎక్కువ. మన తీరంలో అది ఒక మీటరు పైన, ఒకటిన్నర మీటర్లకి కాస్త అటూ ఇటూ. అష్టమి, నవముల దగ్గర అర మీటరు ప్రాంతానికి పడిపోతుంది. అంకె చిన్నదే అయినా ఇక్కడి తీరం బల్లపరుపు, కాబట్టి ఒక మీటరు నీరు తీస్తే అంచు పదుల మీటర్ల దూరం వెనక్కి పోతుంది. మీకు కనబడిన బురదకి కారణం ఇదే. మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, ఇది ఇంకా ఎక్కువ. మొగ నుంచి పాయ లోపలికి వెళ్లే కొద్దీ పోటు ఆలస్యమవుతుంది. సముద్రం ఒడ్డున నిండిన సమయం యానాం రేవులో పనికిరాదు, అక్కడిది విడిగా రాసుకోవాలి.

వరదల కాలంలో ఈ లెక్క పాయల్లో నిలవదు. జులై నుంచి సెప్టెంబర్ దాకా ధవళేశ్వరం నీటిమట్టం చూసుకోండి. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే లంకల్లోకి వెళ్లే ఆలోచన మానేయండి. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు (జనాన్నీ బళ్లనీ పాయ దాటించే పడవ) మీద లెక్క పెట్టుకోకండి, ప్రవాహం పెరిగితే ఆపేస్తారు. చించినాడ వంతెన మీదుగా దిండి వైపు తిరిగి వెళ్లేలా సమయం ఉంచుకోండి. అయితే వరద తీస్తున్న రోజుల్లో ఒక దృశ్యం దొరుకుతుంది. ఎర్రనీరు సముద్రంలోకి తోసుకుపోతూ, నీలం నీటికీ దానికీ మధ్య గీత గీసినట్టు కనబడుతుంది. అంతర్వేది లైట్‌హౌస్ వైపు నుంచి పోలరైజర్ (నీటి మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టి తిప్పి చూడండి, ఆ గీత మెరుపు పోయి తేటగా వస్తుంది.

ఇక దిక్కు. తూర్పు తీరం కదా, సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడని చాలామంది అనుకుంటారు. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా తీరం ఉత్తరం దక్షిణంగా లేదు. ఇంచుమించు తూర్పు ఈశాన్యం నుంచి పడమర నైరుతికి పడుకుని ఉంది, సముద్రం ఆగ్నేయం, దక్షిణాల మధ్యన ఉంది. డిసెంబర్, జనవరి నెలల్లో సూర్యుడు తూర్పుకి 24 డిగ్రీలు దక్షిణంగా లేస్తాడు, అప్పుడు నీళ్ల మీదే లేస్తాడు. జూన్‌లో అంతే ఉత్తరంగా జరిగి, సరిగ్గా తీరం గీత వెంట లేస్తాడు. అలల నురుగు అంచులన్నీ పక్క వెలుతురులో మెరుస్తాయి, సముద్రంలో బింబం మాత్రం దొరకదు. దీనికి బదులుగా డిసెంబర్ సాయంత్రం సూర్యుడు ఆ తీరం గీతకి రెండో కొసన, పడమర నైరుతిలో దిగుతాడు. తూర్పు తీరంలో అలలతో కలిసి అస్తమయం దొరకడం అరుదు. అంతర్వేది దగ్గర శీతాకాలంలో అది కుదురుతుంది, వదులుకోకండి.

ఇంకో సౌకర్యం ఉంది. దేశానికంతటికీ గడియారం నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకి కొద్ది దూరంలోనే పోతుంది. కనుక మన గడియారానికీ ఎండకీ తేడా కొద్ది నిమిషాలే. జనవరి మొదట్లో 6.30 ప్రాంతంలో సూర్యోదయం, జూన్ చివర్లో 5.30. రంగు మాత్రం అంతకు 25 నిమిషాల ముందే మొదలవుతుంది, చాలాసార్లు బింబం కనబడేసరికి అసలు రంగు అయిపోతుంది. మనవైపు సూర్యుడు నిటారుగా ఎక్కుతాడు, లేచాక అరగంటకే వెలుతురు గట్టిపడిపోతుంది. కాబట్టి సూర్యోదయానికి 45 నిమిషాల ముందు స్టాండు వేసి ఉండాలి. ఆ వేళకి బండి దిగడం ఆలస్యం కిందే లెక్క.

చంద్రుడు కావాలంటే పౌర్ణమి కంటే చతుర్దశి సాయంత్రం మేలు. ఆ రోజు చంద్రుడు సూర్యాస్తమయానికి ముప్పావుగంట అటూ ఇటూ ముందే లేస్తాడు, ఒడ్డు మీద ఇంకా వెలుతురు ఉంటుంది, రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో ఇముడుతాయి. పౌర్ణమి నాటికి నేల నల్లబడి చంద్రుడు తెల్ల బిళ్లలా మిగులుతాడు. శీతాకాలపు నిండు చంద్రుడు ఈశాన్యం వైపు లేస్తాడు, వేసవిలో ఆగ్నేయంలో. అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో నీళ్ల మీద చంద్రోదయం కావాలంటే వేసవి.

నెలల విషయానికొస్తే, పెళ్లిళ్లు లేని నెలలే మీకు తీరానికి మంచి నెలలు. ఇది బాగా కలిసొచ్చిన విషయం. ఆషాఢంలో సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు, మబ్బులు, నిండిన మడులు. భాద్రపదంలో వానలు కడిగిన గాలి, ఎండాకాలపు మసక ఉండదు, దూరం తేటగా కనిపిస్తుంది. పుష్యంలో మంచు, దాళ్వా (రెండో పంట వరి) నాట్ల కోసం నీళ్లు పెట్టిన చేలు, కోరంగిలో వలస పక్షులు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. వీటికి మూఢం రోజులు కలుపుకోండి. మాఘంలో ముహూర్తాలు ఉన్నా భీష్మ ఏకాదశి అంతర్వేది రథం కోసం ఒక రోజుని ముందుగానే పక్కన పెట్టుకోవచ్చు. ఆ తర్వాత వచ్చే మాఘ పౌర్ణమి స్నానాలకి జనం వచ్చే వేళ పెద్ద పోటు రోజులే, సామాను నేలమీద పెట్టకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. సముద్రంలో బోట్లు కావాలంటే అప్పుడు వెళ్లడం దండగ. బోట్ల మరమ్మతు, రంగులు, వలల అల్లకం కావాలంటే అప్పుడే వెళ్లాలి, తాళ్లరేవులో చెక్క బోట్లు కట్టే చోట్లు కూడా చూడండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య దాకా తుపాను హెచ్చరిక ఉందంటే తీరం ఊసే వద్దు. 1996 నవంబర్ 6 రాత్రి తుపానులో కోనసీమకి ఏమయిందో ఆ ఊళ్లవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పెద్ద అలల ఫోటో కోసం ఉప్పాడ రోడ్డు మీదికి వెళ్లేవాళ్లు అల తిరిగి లాగేటప్పుడు రాళ్లు కదులుతాయన్న సంగతి మరిచిపోతారు.

చోట్ల గురించి క్లుప్తంగా. అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర పాటు వేళ ఇసుక మీద చాలా దూరం నడవొచ్చు, కానీ పోటు తిరిగాక వెనక వైపు పల్లంలోకి నీరు ముందు చేరుతుంది. ముందున్న సముద్రాన్నే చూస్తూ ఉంటే తిరిగొచ్చే దారి మునిగిన సంగతి తెలియదు. పాటు బాగా తీసిన సమయం నుంచి గంటన్నరకి ఫోన్లో అలారం పెట్టుకుని, మోగగానే ఫ్రేము ఎంత బాగున్నా వెనక్కి రావాలి. కాకినాడ తీరానికి ఎదురుగా హోప్ ఐలాండ్ అడ్డం ఉంది, అలలు చిన్నవి. అక్కడ పొడవాటి ఎక్స్‌పోజర్‌తో నీళ్లు నున్నగా తీయడం తేలిక, ఎగసిపడే అల కోసం మాత్రం ఉప్పాడ వైపే వెళ్లాలి. కోరంగి మడ అడవిలో చెక్క వంతెన మీద స్టాండు వేస్తే ఎవరు నడిచినా ఊగుతుంది. సెకనులో 60వ వంతు కంటే నెమ్మదిగా తీయాలంటే జనం ఆగే దాకా ఆగాలి. మబ్బు రోజు, పాటు వేళ చూసి వెళ్లండి. మడ చెట్ల ఊపిరి వేళ్లు, బురద మీద పీతలు అప్పుడే బయట పడతాయి. ఎండ రోజు ఆకుల సందుల్లో తెల్ల మచ్చలు పడి, ఆ ఫోటో దేనికీ పనికిరాదు. డ్రోన్ ఉంటే డిజిటల్ స్కై పటం (డ్రోన్లు ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ పటం) చూడకుండా ఎగరేయకండి. అభయారణ్యం మీదా చమురు, గ్యాస్ కేంద్రాల దగ్గరా అనుమతి లేకుండా అసలు వద్దు.

అలలకి షట్టర్ ఎంత అని అందరూ అడుగుతారు. నురుగు వెనక్కి జారుతూ గీతలు పడాలంటే అర సెకను నుంచి ఒక సెకను. పొగలా పరుచుకోవాలంటే 8 సెకన్ల పైన. మామూలుగా 125వ వంతు వస్తున్న వెలుతురులో 6 స్టాపుల ఎన్‌డీ (వెలుతురు తగ్గించే నల్లటి ఫిల్టర్, ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) పెడితే అర సెకను, 10 స్టాపులది పెడితే 8 సెకన్లు. ఒక్కటే కొనగలిగితే 6 స్టాపులదే కొనండి, మన తీరంలో నీళ్ల రూపం అర సెకనులోనే బాగుంటుంది. 8 సెకన్లలో ఏ సముద్రమైనా ఒకేలా ఉంటుంది. వల విసిరే క్షణానికి వెయ్యో వంతు తప్పదు. మంచు రోజుల్లో కెమెరా మీటరు చెప్పిన దానికి ఒక స్టాపు దాకా కలపండి, లేకపోతే మంచు బూడిద రంగులో వస్తుంది. ఎదురెండలో నీటి మెరుపుకి అర స్టాపు తగ్గించి, నీడలు రా ఫైల్లో (కెమెరా కుదించకుండా దాచే ఫైలు) లేపుకోండి.

స్టాండు కాళ్లు ఇసుకలో దిగిపోవడం వల్ల పోయే ఫోటోలు లెక్కలేనన్ని. అల వెనక్కి వెళ్తూ కాలి కింద ఇసుక తోడేస్తుంది, 2 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో ఫ్రేము ఒక పక్కకి వాలుతుంది, తెర మీద చిన్నగా చూస్తే తెలియదు. ముందే కాళ్లని చేత్తో గట్టిగా నొక్కి రెండు అలలు పోనివ్వండి, మూడో అలకి తీయండి. మెత్తటి ఇసుకైతే ఒక్కో కాలి కింద ఒక కొబ్బరి చిప్ప వెల్లకిలా పెట్టండి, బరువు పరుచుకుంటుంది. ముందుగా అన్నిటికంటే కింది ముక్కనే లాగండి, కీళ్లు నీళ్లకి పైన ఉంటాయి. ఇంటికొచ్చాక కాళ్లన్నీ పొడుగ్గా లాగి మంచినీళ్లతో కడిగి, మూయకుండా నీడలో ఆరబెట్టండి. మూసేస్తే ఉప్పు నీరు లోపలే ఉండిపోయి తాళాలు బిగుసుకుంటాయి.

ఉప్పు గాలి ముందు లెన్సు అద్దం మీద పొరలా పేరుతుంది. పది నిమిషాలకోసారి చూడండి, ఎదురెండలో ఫోటో వెలవెలబోతుంటే అదే కారణం. పొడి గుడ్డతో తుడవకూడదు, ఉప్పు రవ్వలు గీస్తాయి. ముందు బ్లోయర్, తర్వాత ఆర్వో నీళ్లతో తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డ, ఆ తర్వాత పొడిది. తీరం మీద లెన్సు మార్చొద్దు. పెళ్లికి తీసుకెళ్లే రెండు బాడీలు ఉంటాయి కదా, చెరొక లెన్సు బిగించే దిగండి. జూమ్ తిప్పుతుంటే కరకరమంటే అక్కడే ఆపేయండి. లెన్సుని బోర్లా పట్టుకుని కీళ్ల మీద బ్లోయర్ కొట్టండి, ఇంకో రెండు చుట్లు తిప్పారంటే ఇసుక లోపలి గాడిలోకి పోతుంది. కెమెరా ఉప్పు నీళ్లలో పడితే బ్యాటరీ, కార్డు వెంటనే తీసేయాలి. మళ్లీ ఆన్ చేసి చూడకూడదు, ఆ రోజే బాగుచేసేవాళ్ల దగ్గరికి చేర్చాలి. బియ్యంలో పెట్టడం వల్ల ఉప్పు పోదు, గంటలు మాత్రం పోతాయి.

ఏసీ గదిలోంచి తెల్లవారుజామున నేరుగా బయటికి తెస్తే అద్దాలన్నీ చెమర్చేస్తాయి, సూర్యోదయం అయిపోయే దాకా పోదు. కెమెరా సంచిని రాత్రే ఏసీ లేని చోట పెట్టండి, బాత్రూము మాత్రం వద్దు. కుదరకపోతే జిప్ కవర్లో మూసి బయటికి తెచ్చి 40 నిమిషాల తర్వాత తెరవండి. కారులో వెళ్తుంటే చివరి 20 నిమిషాలు ఏసీ ఆపి అద్దాలు దించండి.

మీ పని రోజు సంగతి. ముహూర్తం రాత్రి ఒంటిగంటకో రెండింటికో ఉంటుంది, అక్కణ్నుంచి తెల్లవారేసరికి ఓడలరేవులో ఉండొచ్చనే ఆలోచన చాలామందికి వస్తుంది. పెళ్లి కార్డులు మీ దగ్గర ఒక్క కాపీగా ఉన్నంతసేపు నీళ్ల దగ్గరికి వెళ్లకండి. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు 25 నుంచి 30 ఎంబీ, మూడు వేల ఫోటోలంటే 90 జీబీ దాకా. రెండు స్లాట్లలో రాయించండి, పెళ్లింట్లోనే ఒక హార్డ్ డిస్క్‌లోకి దించండి. ఒక కార్డుల జత మీతోనూ, డిస్క్ సహాయకుడితోనూ వేరు వేరు బళ్లలో పోవాలి. మూడు చోట్ల కాపీలు అయ్యాకే కార్డు ఫార్మాట్. తీరానికి వేరే కార్డు వాడండి. నిద్ర లేకుండా బండి నడపడం గురించి వేరే చెప్పక్కర్లేదు, డ్రైవర్ లేకపోతే ఆ రోజు మానేయండి.

హక్కుల విషయం తెలియక నష్టపోయేవాళ్లు ఎక్కువ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. ప్రీవెడ్డింగ్‌లో దిండి దగ్గర తీసిన గోదావరి దృశ్యాన్ని రిసార్టుకి అమ్మాలంటే ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి. మీ అంతట మీరు తీసుకున్నది మీదే. అమ్మేటప్పుడు ఎన్ని కాపీలు, ఎంత కాలం, ఎక్కడెక్కడ అనేది రాసివ్వండి. రేవులో వల లాగేవాళ్ల ముఖాలు దగ్గరగా తీసేముందు "అన్నా, తియ్యనా" అని అడగండి. అలివి వల (ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్ద వల) లాగే వేళ తాడుకి అడ్డం పడకండి, ఆ అరగంటలోనే వాళ్ల రోజు కూలి ఉంటుంది. మరుసటి ట్రిప్పులో ప్రింట్లు తీసుకెళ్లి ఇవ్వండి. పోటు సమయం ఎవరు ఖచ్చితంగా చెబుతారో అప్పుడు తెలుస్తుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే జనవరి నుంచి మార్చి రాత్రుల్లో ఫ్లాష్, తెల్ల టార్చి రెండూ వద్దు, వెలుతురు చూస్తే తల్లి తాబేలు వెనక్కి తిరిగిపోతుంది.

ఇప్పుడు కొనాల్సినవి. 20 లీటర్ల గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో పావుకిలో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి, 60 దాటి ఉండిపోతే బూజు పెరుగుతుంది, 30 కంటే తగ్గితే రబ్బరు, గ్రీజు ఎండిపోతాయి. నారింజ రంగు జెల్ కొనండి, ఆకుపచ్చగా మారితే 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్లో రెండు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడండి. నీలం రంగుదానిలో కోబాల్ట్ ఉంటుంది, వంట గిన్నెల్లో వేయకూడదు. కెమెరాలు, లెన్సులు తోలు సంచుల్లో, కెమెరా బ్యాగుల్లో నిల్వ పెట్టకండి, గుడ్డ తేమని పట్టి ఉంచుతుంది. ఆషాఢం, శ్రావణాల్లో వారానికోసారి తేమ మీటరు చూడండి. దీనితోపాటు 6 స్టాపుల ఎన్‌డీ, పోలరైజర్, ముందు అద్దానికి క్లియర్ ఫిల్టర్. అంతే.

మీ లెన్సులో దారాలు బూజే. చీకటి గదిలో వెనక నుంచి టార్చి వేసి చూడండి. దారాలు అంచులో ఉండి, మధ్యలో అద్దం నిగనిగలాడుతుంటే ఇంకా ఆలస్యం కాలేదు. విప్పి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తుడిస్తే పోతుంది, కానీ అది విప్పడం తెలిసిన పనివాడు చేయాలి, ఇంట్లో వద్దు. ఎండలో పెడితే పెరగడం ఆగవచ్చు గానీ ఉన్నది పోదు, గ్రీజు కరిగి లెన్సు లోపల వెలుతురుని అదుపు చేసే బ్లేడ్ల మీదికి వస్తుంది. తుడిచాక కూడా దారాల ఆనవాలు పొగలా మిగిలితే పూత తినేసిందన్నమాట, అది తిరిగి రాదు. అప్పుడు ఎదురెండకి ఆ లెన్సు వాడకండి, మండపం లోపలి పనికి ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది.